కుడివైపు కుట్టిన పుస్తకం

శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు మా ఇంట్లో ఫోన్ మోగేది. మూడేళ్లుగా ఒక్క వారం కూడా తప్పలేదు. రెజిమెంటల్ బజార్‌లో పుస్తకాలు కుట్టే బైండింగ్ తాత చేసేవాడు. "రేపు దుకాణం తెరుస్త బిడ్డా" అనేవాడు, పెట్టేసేవాడు. ఆ మాట కోసం మా పాప ఎర్ర పెన్సిల్ పట్టుకుని క్యాలెండర్ దగ్గర నిలబడి ఉండేది. వినగానే శనివారం గడిలో ఒక గీత గీసి తన పని తాను చూసుకునేది.

రెండు వారాల కిందటి శుక్రవారం కూడా ఆరింటికి ఫోన్ మోగింది. తాత నంబరే. అలవాటుగా స్పీకర్ నొక్కాను. తాత గొంతు కాదు, ఆయన కొడుకు గొంతు.

"అక్కా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కూసున్నడు, కూసున్నట్టే పోయిండు. పగటీలికే సాగనంపుడు సుత అయిపోయింది. గోడ మీద మీ నంబరు పక్కన 'శుక్రవారం ఆరు' అని రాసుకున్నడు. అందుకే చేసిన."

నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. అంత మంచి మనిషి పోయాడని విని భయపడ్డానని రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ మా పాప పెన్సిల్ మొన క్యాలెండర్‌కు ఆనించి, "తెరుస్త" అనే మాట కోసం ఇంకా ఎదురుచూస్తోంది. ఒకసారి ఆ దుకాణం మూసి ఉన్నందుకే అది రోడ్డు మీదికి పరుగెత్తింది. ఇప్పుడు ఆ దుకాణం తెరిచే మనిషే లేడు.

మా పాపకు పదేళ్లు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ, అవి కూడా ఒక్కొక్కటిగా వస్తాయి. నేనేమో పుట్టు పిరికిదాన్ని. పాప పుట్టాక ఆ పిరికితనానికి ఒక ఉద్యోగం దొరికినట్టయింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏ చప్పుడు వినబడుతుందో, ఎవరు ముట్టుకుంటారో, ఎవరు ఏమంటారోనని కాపలా కాయడమే నా పని.

పాపకు ఆరేళ్లున్నప్పుడు మొదట చేర్పించిన బడివాళ్లు పన్నెండు రోజులకే "కుదరదు మేడం, వేరే పిల్లల పేరెంట్స్ కంప్లయింట్ చేస్తున్నరు" అన్నారు. పన్నెండో రోజు నేను వెళ్లేసరికి అది బెంచీ కింద కూర్చుని ఉంది. చుట్టూ పిల్లలు నిలబడి చప్పట్లు కొడుతూ ఉన్నారు. చప్పట్లు కొడితే చెవులు మూసుకుంటుందని వాళ్లు కనిపెట్టారు. వాళ్లకది ఆట. ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

తరవాత బోయిగూడలో మా ఇంటికి దగ్గర్లోనే ఒక చిన్న బడి ప్రధానోపాధ్యాయురాలు, "ఒక టర్మ్ చూద్దామమ్మా. నా పిల్లలకు ఏం చెప్పాలో మీరే చెప్పండి" అంది. ఏం చెప్పాలి? పెద్దవాళ్లకు చెప్పడమే నాకు చేతకాదు. పిల్లలకు బొమ్మలు చూపిస్తే అర్థమవుతుందని, పాప గురించి ఒక బొమ్మల పుస్తకం రాయడానికి కూర్చున్నాను. ఎనిమిది బొమ్మలు నేనే వేశాను. నా బొమ్మల్లో మనుషుల చేతులు గరిటెల్లా వస్తాయి, అయినా వేశాను.

మొదటి బొమ్మ కింద "ఈమె మన కొత్త స్నేహితురాలు, ఈమెకు ఆటిజం ఉంది" అని రాశాను. రెండో బొమ్మలో గట్టి చప్పుళ్లకు చెవులు మూసుకుంటుంది. మూడో బొమ్మలో ఎవరైనా ముట్టుకుంటే భయపడుతుంది. నాలుగోదాంట్లో మీ కళ్లలోకి చూడదు. అయిదోదాంట్లో సంతోషం వస్తే చేతులు ఆడిస్తుంది. ఆరోదాంట్లో, ఎవరైనా ఏడిస్తే ఈమెకు నవ్వొస్తుంది, అది వెక్కిరింత కాదు. ఏడోదాంట్లో "దయచేసి నవ్వకండి, చప్పట్లు కొట్టకండి." ఇన్ని చెప్పుకున్నాక, ఇంకేం చెప్పాలో తోచక, చివరి బొమ్మలో మెట్టు మీద ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టాను. "పక్కన జానెడు దూరంలో కూర్చోండి. మధ్యలో ఒక పెన్సిల్ పెట్టండి. తీసుకోవాలనిపిస్తే తీసుకుంటుంది" అని రాశాను.

ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. అది పిల్లల పుస్తకంలా లేదు, కరెంటు స్తంభానికి కట్టిన డేంజర్ బోర్డులా ఉంది. కానీ అప్పుడు నాకు తెలిసింది అదే.

క్లాసులో ఇరవై నలుగురు పిల్లలు. కలర్ ప్రింట్లు తీయించి ఆ కట్ట పట్టుకుని దుకాణాలు తిరిగాను. అందరూ స్పైరల్ బైండింగే అన్నారు. ఆ ప్లాస్టిక్ చుట్టలు చూస్తే మా పాప వాటిని పీకే దాకా ఊరుకోదు. ఎవరో రెజిమెంటల్ బజార్‌లో ఒక ముసలాయన ఇంకా దారంతో కుడతాడని చెప్పారు. అలా దొరికాడు తాత.

ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయే దుకాణం. గోడల నిండా బడి రిజిస్టర్లు, చిరిగిన భారతాలు, వకీళ్ల లావుపాటి పుస్తకాలు. మైదా జిగురు ఉడికిన వాసన. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాడు, అందుకని ఆయన గోళ్ల అంచులు ఎప్పుడూ నీలంగా ఉండేవి. వెనక గదిలో ఆయన భార్య, మేము అవ్వ అని పిలిచే ఆమె, కూర్చుని కుట్టేది. ఆయన మడిచి, ఆమె కుట్టి, మళ్లీ ఆయన అట్ట వేసేవాడు.

నేను కాగితాలు ఇచ్చి ఎల్లుండికి కావాలన్నాను. లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పాను. అడగకుండానే మొత్తం చెప్పేశాను, బెంచీ కింద కూర్చోవడంతో సహా. ఆయన ఒక్కో బొమ్మ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "అయితది బిడ్డా. జెర పరేషాన్ గాకు" అన్నాడు.

చెప్పిన రోజుకు వెళ్లాను. ఇంట్లో ఎవరూ లేక పాపను కూడా తీసుకుని వెళ్లాల్సి వచ్చింది. ఇరవై నాలుగు పుస్తకాలు, ఆకుపచ్చ గుడ్డ అట్టలు, ఎంత ముద్దుగా ఉన్నాయో! ఒకటి తెరిచాను. చివరి బొమ్మ ముందుంది. ఇంకోటి తెరిచాను. అదీ అంతే. అన్నీ అంతే. కుట్టు ఎడమవైపు ఉండాల్సింది, కుడివైపు ఉంది.

"తాతా, ఇవన్నీ తిరగబడినయ్" అన్నాను. మర్నాడు పొద్దునే బడి.

ఆయన పుస్తకం తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. ముఖం పాలిపోయింది. "అయ్యో, తప్పైంది బిడ్డా. నా ఉస్తాద్ దగ్గర పదిహేనేండ్లు ఉర్దూ కితాబులే కట్టిన. ఈ వారమంత ఉర్దూ బడి పుస్తకాలే నడిచినయ్. చెయ్యి గట్లనే పోయింది. నీ బొమ్మల మీద నంబర్లు సుత లేకపాయె." ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుంది. ఆయన దృష్టిలో పుస్తకం సరిగ్గానే ఉంది, మనం తెరిచే వైపే తప్పు. వెనక గదిలోంచి అవ్వ వచ్చి, "నేను అడిగిన, కుడిదిక్కేనా అని. అవునన్నడు" అని ఆయన వంక చూసింది. ఆయన కత్తి తీశాడు, దారాలు కోసి మళ్లీ కట్టడానికి.

అప్పటికే మా పాప ఒక పుస్తకం పట్టుకుని గడప మీద కూర్చుంది. తెరిచింది. మెట్టు మీద ఇద్దరు పిల్లలు. చాలాసేపు చూసింది. తాత ఆ పుస్తకం కోసం చెయ్యి చాపగానే కేక పెట్టింది. బజార్లో పోయేవాళ్లు ఆగి చూశారు. ఆయన మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని, కత్తి బల్ల మీద పెట్టి, పాపకు కాస్త దూరంగా నేల మీద కూర్చున్నాడు. పాప ఆ బొమ్మను చూసింది, ఆయన్ని చూసింది. ఇంట్లో ఆ బొమ్మ వేసేటప్పుడు నేను కొలిచినట్టే, తన చెయ్యి నేల మీద ఆనించి జానెడు కొలిచింది. ఆయన కొంచెం ఎక్కువ దూరంలో ఉన్నాడు. "జానెడు" అంది. ఆయన జరిగి సరిగ్గా జానెడు దూరంలో కూర్చున్నాడు.

"ఉండనీ బిడ్డా, గిట్లనే ఉండనీ. పిల్లకు గిట్లనే నచ్చింది. దానికోసం రాసిన పుస్తకమే గద" అన్నాడు నాతో.

నేను ఒప్పుకోలేదు. ముందు హెచ్చరికలు చెప్పకుండా పిల్లల్ని దాని పక్కన కూర్చోబెడితే ఏమవుతుందో నాకు తెలుసనుకున్నాను. కానీ వేరే దారి లేదు. ఆ ఇరవై నాలుగు పుస్తకాలూ అలాగే బడికి వెళ్లాయి. ఆ పొద్దున నేను బడి గేటు దగ్గరే నిలబడ్డాను. చప్పట్లు వినబడతాయేమోనని చెవులు రిక్కించి, మధ్యాహ్నం దాకా.

వినబడలేదు. సాయంత్రం క్లాసు టీచర్ చెప్పింది. ముందున్న ఆ మెట్టు బొమ్మ చూడగానే పిల్లలు ఇంకో పేజీ తిప్పనివ్వలేదట. అందరూ నేల మీద చేతులు ఆనించి జానెళ్లు కొలవడం మొదలుపెట్టారట. రెండు జడల పిల్ల ఒకతి వచ్చి, కొలుచుకుని, మా పాప పక్కన కూర్చుని, మధ్యలో పెన్సిల్ పెట్టిందట. మిగతా పేజీలు మర్నాడు చదివారు. అప్పటికి మా పాప వాళ్లకు పక్కన కూర్చున్న పిల్ల. చెవులెందుకు మూసుకుంటుందో ఆ తరవాత తెలుసుకున్నారు.

అంటే అంతా సుఖాంతమని అనుకోవద్దు. దాన్ని ఏడిపించిన పిల్లలు ఆ తరవాత కూడా ఉన్నారు. కానీ ఆ రెండు జడల పిల్ల ఇప్పటికీ దాని పక్కనే కూర్చుంటుంది.

ఈ సంగతి విన్న తల్లులు ఒకరిద్దరు మాకూ ఆ పుస్తకం కావాలని అడిగారు. సైనిక్‌పురి నుంచి కూడా ఒకావిడ బస్సెక్కి వచ్చింది. ఈసారి నేనే తాతతో కుడివైపు కుట్టమన్నాను. ఆయన నవ్వి, "తప్పు చేస్తే తిడతరు గాని, మళ్ల చెయ్యమని ఎవ్వలు అడగలే" అన్నాడు. అవ్వ లోపల్నుంచి, "ఈసారి నేను అడుగనే అడుగ" అంది.

అలా మా పాపకు శనివారాలు మొదలయ్యాయి. పొద్దున పదింటికి తాత దుకాణం. జిగురంటే దానికి భయం, వేలికంటితే ఏడుస్తుంది. ఆయన దానికి కాగితం మడిచే పని ఇచ్చాడు. మడత మీద వెదురు బద్దతో గీస్తే అంచు కత్తిలా నిలబడేది. పాప మడిచిన కాగితాల్లో ఒక్కటీ వంకర పోయేది కాదు. ఆయన ఏ ఒక్కరోజూ "శభాష్" అని గట్టిగా అనలేదు. మడిచిన కట్టను పైకెత్తి వెలుతురులో చూసి, పక్కన పెట్టేవాడు. పాపకు అది చాలు. నేను దాన్ని "తొందరగా కానీ" అని కదిలిస్తే మాత్రం కోప్పడేవాడు. "జిగురు ఆరే దాంక పుస్తకాన్ని ముట్టద్దు బిడ్డా. తొందరేముంది, పుస్తకం యాడికి పోతది?"

ఒక శనివారం మేం వెళ్లేసరికి షట్టర్ దించి ఉంది. ముందురోజే ఆయన కంటికి ఆపరేషన్ అయిందట, మాకు తెలియదు. పాప తాళం ముట్టుకుంది. "తాత ఊరికి పోయిండు" అని అబద్ధం చెప్పాను. అది నా చెయ్యి విదిలించుకుని పరుగు తీసింది, సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి. ఒక ఆటో బ్రేకు వేసిన చప్పుడు. పాప గౌను అంచు నా పిడికిట్లో దొరికింది. జానెడు. సరిగ్గా జానెడు దూరంలో ఆగింది ఆ ఆటో. ఆ రోజు నుంచి బయటికి వెళ్తే దాని గౌను అంచు పట్టుకోకుండా నేను నడవలేదు.

కంటికి నల్లద్దాలతో తాత ఈ సంగతి విని చేతిలో వెదురు బద్ద పక్కన పెట్టాడు. తరవాత అన్నాడు, "దానికి అబద్ధం చెప్పకు బిడ్డా. మూసుంటే మూసున్నదని చెప్పు. శుక్రవారం ఆరింటికి నేనే ఫోన్ చేస్త. తెరిస్తే తెరుస్త అంట, లేకుంటే లేదంట." తెరిస్తే ఎర్ర గీత, మూస్తే గడి మీద నీలం కాగితం ముక్క. అలా మా క్యాలెండర్ నడిచింది.

ఇక ఆ శుక్రవారానికి వస్తాను. నేను ఫోన్ పెట్టేశాను. మా ఆయన నెమ్మదిగా, "ఊరికి పోయిండని చెప్పు. మెల్లగ మరిచిపోతది" అన్నాడు. ఆయనా భయంతోనే అన్నాడు. నాకూ అదే తేలిక. కానీ తాత మాట గుర్తొచ్చింది. పాప ముందు జానెడు దూరంలో కూర్చుని చెప్పాను. "తాత చనిపోయిండు. ఇంక దుకాణం తెరువడు."

"శనివారం?" అంది.

"రేపు మూసే ఉంటది."

"పై శనివారం?"

"అప్పుడు సుత."

"పై శనివారం?"

ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. ప్రతిసారీ అదే జవాబు చెప్పాను. ఆఖరికి నీలం కాగితం అతికించింది. ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

శనివారం పదింటికి చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడింది, చేతిలో ఎర్ర పెన్సిల్‌తో. ఆపితే ఏమవుతుందో, తీసుకెళ్తే ఏమవుతుందో నాకు తెలియదు. అక్కడ చావింటి జనం ఉంటారు, ఏడుస్తూ ఉంటారు. ఎవరైనా ఏడిస్తే మా పాపకు నవ్వొస్తుంది. నా పుస్తకంలో ఆరో బొమ్మ అది. ఆ బొమ్మ తెలిసిన పిల్లలెవరూ అక్కడ ఉండరు. గౌను అంచు పిడికిట్లో బిగించి బయలుదేరాను.

షట్టర్ దించి ఉంది. మెట్టు మీద అవ్వ కూర్చుని ఉంది, చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు. పాప నేరుగా వెళ్లి తాళం ముట్టుకుంది. నేను రోడ్డు వైపు అడ్డంగా నిలబడ్డాను. అవ్వ పాపను చూసి ఒక్కసారి గొంతెత్తి ఏడ్చింది. పాప చెవులు మూసుకుంది. మూసుకుని, నవ్వింది. చిన్న నవ్వు కాదు, సందంతా వినబడే నవ్వు.

"ఏం పిల్లమ్మా ఇది? చావింటికి గిట్లాంటిదాన్ని ఎందుకు తోలుకొచ్చినవ్?" అంది ఒకామె. దాన్ని ఎత్తుకుని పారిపోదామనుకున్నాను.

పాప నవ్వు ఆగింది. చెవుల మీద నుంచి చేతులు తీసింది. అవ్వ పక్కన మెట్టు మీద చెయ్యి ఆనించి, బొటనవేలు నుంచి చిటికెన వేలి దాకా కొలిచి, అక్కడ కూర్చుంది. ఇద్దరి మధ్య ఎర్ర పెన్సిల్ పెట్టింది.

పదేళ్లలో మా పాప తనంతట తాను వెళ్లి ఒకరి పక్కన కూర్చోవడం నేను చూడలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చి దాని పక్కన కూర్చోవాలి. ఆ పుస్తకం రాసిందే వాళ్ల కోసం.

అవ్వకు చదువు రాదు. కానీ ఆ పుస్తకంలో బొమ్మలన్నీ ఆమె చేతుల మీదుగా ఎన్నిసార్లు పోయాయో. ఆ ఆడమనిషి మళ్లీ ఏదో అనబోతే, "ఉండనీ" అంది. "నాకు ఏడుపొస్తది, దానికి నవ్వొస్తది. పక్కన వచ్చి కూసున్నదా లేదా?"

కాసేపటికి అవ్వ ఆ పెన్సిల్ తీసుకుని కొంగున ముడేసుకుంది. నేను ఏడ్చాను, అప్పుడు. ఏడుస్తూ చూసుకుంటే నా పిడికిలి ఖాళీగా ఉంది. గౌను అంచు ఎప్పుడు వదిలానో తెలియదు.

భయం పోయిందని చెప్పను. మొన్న శుక్రవారం ఆరు కావస్తుంటే వీధి తలుపు గడియ రెండుసార్లు చూసి వచ్చాను. పాప క్యాలెండర్ దగ్గర నిలబడింది, చేతిలో పెన్సిల్ లేకుండా. ఆరింటికి ఫోన్ మోగింది. తాత నంబరే.

"రేపు దుకాణం తెరువం బిడ్డా" అంది అవ్వ. "నేను మెట్టు మీద కూసుంట."

పాప నీలం కాగితం అతికించింది. అక్కడి నుంచి కదల్లేదు. ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించి, వేళ్లు చాపి జానెడు కొలిచి, ఆ చేతిని అలాగే ఉంచుకుని నిలబడింది.